సంగటి గుండిగ మూత తీసిన రోజు

ఎనభైల మొదట్లో మా అమ్మాయి పద్మను ఏ హాస్టల్ స్కూల్లో చేర్చాలా అని తిరుగుతున్నాం. నాకు చదువు ఇంట్లో నాన్నే చెప్పారు; బడి ఎరగనిదాన్ని కనుక అన్నీ అనుమానాలే. మదనపల్లె స్కూలు ఫలితాలు బ్రహ్మాండమన్నారు. కానీ అక్కడ ఏమడిగినా పిల్లలు ముందు వార్డెన్ ముఖం చూసి, ఆ తర్వాతే "బాగుండాదమ్మా" అన్నారు.

అందుకే పుంగనూరు స్కూలు చూడబోయినప్పుడు ఎవరికీ చెప్పకుండా హాస్టల్ వంటింట్లో దూరి సంగటి గుండిగ మూత తీశాను.

"దొంగమ్మ వచ్చిందో!" అని ఒక పిల్ల కేకేసింది. వార్డెనమ్మ పరుగున వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"పిల్లోళ్లకి ఏం పెడతాండారో సూస్తాండానమ్మా" అన్నాను.

"ఏముండాది సూసేదానికి? సంగటి నిండా రాళ్లే!" అంది ఆ పిల్ల, వార్డెనమ్మ ఎదుటే.

"సంగటిలోకి బియ్యంలో రాళ్లు ఏరమంటే పారిపోయింది నువ్వే గదే!" అని ఆమె పకపకా నవ్వింది. పిల్లా నవ్వింది.

పద్మను అక్కడే చేర్చాం. భయం లేకుండా నోరు విప్పిన ఆ పిల్లను నాకు చూపించినందుకు దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.