మా మరిది దాచిన జెయింట్ వీల్

పూరీ గేటు వైపు వాళ్ళంతా కులాసాయేనా? ప్రార్థన మందిరంలో ముందు బెంచీ అక్కకి మోకాలి వాపు తగ్గిందా? నిమ్‌పురాలో పిల్లలకి జ్వరాలన్నారు, నీళ్ళు కాచే తాగిస్తున్నారు కదా? నేను బాగానే ఉన్నాను. మా మరిది పోయి మూడు వారాలైంది. నిద్రలో గుండె ఆగిపోయింది. పొద్దున్నే టీ ఇద్దామని వెళ్తే పడుకున్నట్టే ఉన్నాడు. ఆ గ్లాసు వెనక్కి తెచ్చి, చల్లారిపోతుందేమోనని మూత పెట్టాను.

మీకు అతను రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల మీద నంబర్లు రాసిన పెయింటరుగా తెలుసు. మా ఆయన, అతని భార్య ఇద్దరూ పోయాక మా ముందుగదిలోనే ఉండేవాడు. మంచం కింద రేకు పెట్టె నిండా మేళాల పాత పోస్టర్లే. జెయింట్ వీల్, పడవ ఉయ్యాల, బావి గోడ మీద మోటారు సైకిల్ తిప్పేవాడు.

మేళా ఎత్తేసిన మర్నాడు బకెట్టు పట్టుకుని వెళ్ళేవాడు. గోడ మీది పోస్టరుకి తడిగుడ్డ అద్ది, మైదా జిగురు నానేదాకా ఎదురుగా కూర్చునేవాడు. జలుబు చేస్తుందని నేను వెనకాలే మఫ్లరు పట్టుకుని పోయేదాన్ని.

"లాగేరాదేటి బాబూ, మంచు పడతంది."

"తొందరపడితే బొమ్మ గోడకుండిపోద్ది వదినా. వట్టి కాగితం మనకొస్తాది. కూకో."

కలకత్తాలో ఏదో ఆటల పార్కు మూసేస్తే ఒక రేకు బోర్డు కొనుక్కొచ్చాడు. గుండె నీరసం ఉన్నవాళ్ళు ఎక్కకూడదని బెంగాలీలో రాసుంది. దాన్ని నా వంటగది తలుపుకి కొట్టాడు.

"నీ గురించే రాసినారు వదినా. స్టేషను బ్రిడ్జి ఎక్కితేనే ప్రార్థన మొదలెడతావు."

అలా అనేవాడే గానీ, గ్యాసు కట్టేశానా అని నేను పదిసార్లు అడిగితే పదిసార్లూ లేచి చూసొచ్చేవాడు. ఒక్కసారీ విసుక్కోలేదు. ఇప్పుడు నేనే అడుగుతున్నాను, నేనే చూస్తున్నాను.

అన్నిటిలోకీ అతనికి పసుపురంగు జెయింట్ వీల్ పోస్టరు ప్రాణం. కూతురు చిన్నప్పుడు ఇద్దరూ ఎక్కింది ఆ వీలే. నేను కింద వాళ్ళిద్దరి చెప్పులూ పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయి ఇప్పుడు విశాఖపట్నంలో నర్సు. పోస్టరు తనకేనని ఎప్పుడో మాటిచ్చాడు. పోయే ముందురోజు సాయంత్రం, పంపుదామని బయటికి తీసి, చుట్టి కిటికీలో పెట్టాడు.

భూస్థాపన రోజు వాన. అమ్మాయి వచ్చి తండ్రి తల దగ్గర కూర్చుంది. జనం బురద కాళ్ళతో వస్తున్నారు. మా గచ్చు నున్నటిది, ఎవరు జారి తుంటి విరగ్గొట్టుకుంటారో అన్నదే నా ఆలోచన. ఇంకేమీ లేదు. కిటికీలో కాగితం చుట్ట కనబడితే తీసి, తెల్లవైపు పైకి వచ్చేలా గడప లోపల పరిచాను. అందరూ దాని మీదే నడిచారు. అతన్ని మోసినవాళ్ళూ నడిచారు.

మూడోరోజు వెళ్తూ అమ్మాయి అంది, "పెద్దమ్మా, ఆ పోస్టరు జాగర్త. మల్లీ వచ్చినప్పుడు పట్టుకెల్తాను." తలూపాను. తను వెళ్ళాక ఊడుస్తుంటే, తడికి గచ్చుకి అంటుకుపోయిన కాగితం అంచు లేచి, అడుగున పసుపురంగు కనబడింది.

తడిగుడ్డ వేసి ఎదురుగా కూర్చున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా కూర్చున్నాను. వచ్చింది. వెనక తెల్లకాగితం నిండా అందరి అడుగులు. వీల్‌కి వేలాడే తొట్లలో ఎర్రది ఒక్కటి మాత్రం గచ్చుకే ఉండిపోయింది.

ఏడుపు రాలేదు. అన్నం మాత్రం సయించలేదు. నిన్న ఫోను చేసి చెప్పేశాను.

"అమ్మా, మీ నాన్న పోస్టరు మీద జనాన్ని నడిపించేసినాను."



"ఎవులైనా జారి పడ్డారా పెద్దమ్మా?"

"లేదు."

"మరింకేటి. ఆ తొట్టి ముక్క గోకేయకు. నానొచ్చి తీస్తాను. నాన్న నేర్పినాడు నాకు."

ముక్క మీద పీట బోర్లించాను. పీట తగిలి ఎవరైనా పడతారేమోనని మళ్ళీ తీసేశాను. ఇప్పుడు గడప లోపల ఆ ఎర్ర తొట్టి ఒక్కటే ఉంది, ఇద్దరు కూర్చునేంత. నేను పక్కనుంచి అడుగేస్తున్నాను. జ్ఞాపకార్థ కూడిక ఈ నెల ఆఖరి ఆదివారం, మా ఇంట్లోనే. మీరంతా రండి, లోపలికొచ్చేటప్పుడు కిందికి చూసి రండి. అమ్మాయి ముందురోజు, శనివారం పొద్దున్న బండికే వస్తానంది.