తడి వేలు

వీడియో గేముల్లోని కోటలను బొమ్మ ఇటుకలతో కట్టేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో నారాయణపేట దశరథ్ అందరికీ అన్నే. నేత మానేసి, మగ్గాన్ని కర్రకు కర్ర విడదీసి అటకెక్కించి, రెండేళ్లుగా చీరల షాపులో మడతలు పెడుతున్నాడు. అయినా ఇటుకను ఇటుకకు తగిలించే ముందు, తెగిన పోగు అతికేవాడిలా వేలు తడి చేసుకుంటాడు. మొన్న కొల్లాపూర్ స్వర్ణ నెల రోజులు కష్టపడి కట్టిన కోట కిందపడి చెదిరిపోయింది. ఆ ఫొటో పెట్టి, ఇక కట్టనని రాసింది. అందరూ ఏడుపు బొమ్మలు పంపారు. దశరథ్ మాత్రం ఫోను నోటి దగ్గర పెట్టుకొని, "ఫికర్ జెయ్యకు చెల్లె. ముక్కలు ఇడిపోయినయి గంతే, ఇరగలేదు గదా. మల్ల కట్టొచ్చు" అని పంపాడు. పంపాక తన మాటను తానే ఒకసారి విన్నాడు. మళ్లీ విన్నాడు. తర్వాత లేచి, స్టూలు తెచ్చి అటక కింద వేసుకున్నాడు.