మా ఆయన తాంబాళం

నాగపూర్ ఇత్వారీ బజారులో నట్లూ బోల్టులూ అమ్మే ఖుజేమా అంటే తెలియనివాళ్ళు తక్కువ. అరిగిపోయిన బోల్టు తెచ్చి చేతిలో పెడితే చాలు, బొటనవేలితో ఒక్కసారి నిమిరి కొలత చెప్పేస్తారు. కొట్లో వెయ్యి రకాల మరలుంటే వెయ్యీ వాటి వాటి డబ్బాల్లోనే ఉంటాయి. ఒక్కటి వేరే డబ్బాలో పడిందంటే ఆ పూటంతా ఆయనకి స్థిమితం ఉండదు. ఆయన నా మొగుడు కాబట్టి మెచ్చుకోవడం ఇక్కడితో ఆపేస్తాను.

ఇంత నిమ్మళమైన మనిషికి ఇంట్లో ఒకే ఒక్క పిచ్చి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కొట్టు షట్టరు సగం దించి ఇంటికి వస్తారు. పిల్లలు ముగ్గురూ అప్పటికి బడి నుంచి వచ్చి ఉంటారు. ఇక ఐదుగురం ఒకే తాంబాళం చుట్టూ కూర్చుని తినాలి. నేల మీద బట్ట పరిచి, దాని మీద ఇత్తడి కుదురు పెట్టి, కుదురు మీద తాంబాళం పెట్టి చుట్టూ కూర్చోవడం మా బోహ్రా ముస్లింల ఇళ్ళన్నిట్లోనూ ఉన్నదే. పద్ధతి అందరిదీ, పిచ్చి మాత్రం మా ఆయన సొంతం.

తాంబాళం ఒకసారి పెట్టాక దాన్ని ఒంటరిగా వదలకూడదని మా పెద్దల మాట. ఎవరో ఒకరు దగ్గర కూర్చోవాలి. ఆయన ఈ మాటని బాగా వాడుకున్నారు. మా మగవాళ్ళు తినేటప్పుడు పెట్టుకునే టోపీ పెట్టుకుని ముందుగా తనే వెళ్ళి కూర్చుని, "చలో, చలో, తాంబాళం ఒంటరిగా ఉంది!" అని కేక పెడతారు. ఆ కేక విన్న కొత్తవాళ్ళు ఎవరో నూతిలో పడ్డారనుకుంటారు. పక్కనే ఆయన కూర్చుని ఉండగా అది ఒంటరిదెలా అయిందో నేనైతే ఎన్నడూ అడగలేదు.

ఆయన ఎడమ పక్కన నేను. నాకు ఎడమ పక్కన ఏడేళ్ళ జుమానా, దాని పక్కన పదిహేనేళ్ళ ఇన్సియా, ఆ పక్కన పన్నెండేళ్ళ హాతిం, మళ్ళీ ఆయన. ఉప్పు గిన్నె ఒక చుట్టు తిరుగుతుంది, అందరం చిటికెడు నాలిక మీద వేసుకుంటాం. అక్కడి నుంచి ఆయన కోరికలు మొదలవుతాయి. పిల్లలు కూరలన్నీ తినాలి. ఒక్క మెతుకు మిగలకూడదు. కొట్టుకోకూడదు. అందరూ తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, బడిలో ఏం జరిగిందో ఒక్కొక్కరూ ఒక్క ముక్క చెప్పాలి.

"ఇవాళ ఏం జరిగింది రా హాతిం?"

"ఏం జరగలేదు పప్పా."

"ఐదు గంటలు బడిలో ఉన్నావు. ఏమీ జరగలేదా?"

"జరిగింది. బెల్లు కొట్టారు."

రోజూ ఇంతే. అయినా ఆయన అడగడం మానలేదు. వాళ్ళ నాన్న సరుకు కోసం ఊళ్ళు తిరిగేవారట, ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ పిల్లలతో తాంబాళం దగ్గరే మాట్లాడేవారట. తనకి నాన్నంటే ఆ పళ్ళెం అవతల కనిపించే ముఖమేనని పెళ్ళైన కొత్తలో నాతో చెప్పారు. రేపు తన పిల్లలు కూడా తన ముఖం అలా గుర్తుపెట్టుకోవాలని ఆయన ఆశ. ఆ ఆశ ఉన్న మనిషిని ఎంతని వేళాకోళం చేస్తాను!

వేళాకోళం మా ఇంట్లో ఎప్పుడూ నా మీదే. అందరికంటే ఆఖరున తినడం ముగించేది నేను. మిగతా నలుగురూ చేతులు ఎండిపోయేలా కూర్చుని నా వంక చూస్తుంటారు. "మునీరా చెయ్యి నెమ్మది" అని మా అత్తగారు బతికున్నప్పుడే బిరుదు ఇచ్చారు. పిల్లలు దాన్ని తాబేలు చేశారు. "మమ్మీ తాబేలూ, త్వరగా! నాకు క్రికెట్ ఉంది" అని హాతిం మొత్తుకుంటాడు. పదహారేళ్ళుగా నేనూ నా నోరే నెమ్మదనుకున్నాను.

ఇక సొరకాయ సంగతి. పూర్వం పెద్దలు ఇష్టంగా తిన్న కూర, ఇంటికి బర్కతు, అంతా కలిసొస్తుంది అని మా అత్తగారు వారానికి రెండుసార్లు వండేవారు. ఆవిడ పోయాక మా ఆయన ఆ లెక్క తప్పనివ్వలేదు. కాటన్ మార్కెట్ నుంచి తనే లేత కాయ ఏరి తెస్తారు. పప్పు నీళ్ళలో శనగపిండి కలిపి, ఈ ముక్కలు వేసి పాలీదు కాస్తాను. అన్నం మీద ఎవరి వైపు వాళ్ళం పోసుకుంటాం. "తినండి, తినండి, బర్కతు" అని ఆయన పిల్లలకి నూరిపోస్తారు.

మొన్న వానాకాలంలో ఇన్సియా తన స్నేహితురాలు మృణ్మయి ఇంట్లో భోంచేసి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం కేక వినగానే వచ్చింది కానీ కూర్చోలేదు.

"నాకు విడిగా కంచం కావాలి."

ఆయన ఉప్పు గిన్నె కింద పెట్టారు. "ఎందుకమ్మా?"

"ఎందుకేంటి పప్పా? హాతిం పప్పు కారుకుంటూ నా వైపు వస్తుంది. వాడి మోచెయ్యి నా అన్నంలో ఉంటుంది. మృణ్మయి వాళ్ళింట్లో ఎవరి కంచం వాళ్ళది. ఎంత బాగుందో! తినేసి లేచిపోవచ్చు."

"నాక్కూడా" అన్నాడు హాతిం వెంటనే. "తాబేలు కోసం ఆగక్కర్లేదు."

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. టోపీ సర్దుకున్నారు, గొంతు సర్దుకున్నారు. "సరే. పదిహేను రోజులు కంచాల్లో తిందాం. ఆ తర్వాత ఐదుగురం ఓట్లు వేద్దాం. కంచాలు గెలిస్తే ఈ తాంబాళం అటక మీదకి పోతుంది. నేనేం అనుకోను" అన్నారు. ఆ ఆఖరి మాట పచ్చి అబద్ధం. అది వాళ్ళమ్మ తాంబాళం. అటక మీద ఎలుకల మధ్య అది పడి ఉంటే ఆయనకి నిద్ర పట్టదు.

చుట్టాలొస్తే తీసే స్టీలు కంచాలు దించాను. మర్నాటి నుంచి మా ఇల్లు హోటలైపోయింది. హాతిం కంచం పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు, వీధిలో ఆట చూసుకుంటూ తినొచ్చని. ఇన్సియా కంచం పక్కన నవల తెరిచింది. జుమానా నాలుగు ముద్దలు తిని, రొట్టె తుంచిపెట్టే అక్క లేక బిక్కమొహం వేసింది. పది నిమిషాల్లో ముగ్గురూ మాయం. ఆయన ఒక్కరే టోపీ పెట్టుకుని ఖాళీ బట్ట మీద కూర్చుని నములుతున్నారు.

"ఇవాళ ఏం జరిగింది?" అని నన్ను అడిగారు.

"బెల్లు కొట్టారు" అన్నాను. నవ్వు రాలేదు ఆయనకి. నాకూ జాలేసింది.

మూడో రోజు సొరకాయ పాలీదు. అందరికీ వడ్డించి నేనూ కూర్చున్నాను. తిన్నాను. చూస్తే నా కంచం ఖాళీ! హాతిం ఇంకా సగంలో ఉన్నాడు. నేనేదో వడ్డించుకోవడం మరిచిపోయానని గిన్నె చూసుకున్నాను. అదేం లేదు, అన్నీ తిన్నాను, సొరకాయ ముక్కలు నాలుగూ తిన్నాను. అయినా అందరికంటే ముందు అయిపోయింది. ఈ వింత ఏమిటని చుట్టూ చూశాను.

హాతిం కంచం అంచున ఆరు ముక్కలు పక్కకి నెట్టి ఉన్నాయి. ఇన్సియా అన్నం కింద ఏదో దాస్తోంది. జుమానా ఒక ముక్కని గుప్పిట్లో పెట్టుకుని ఎటు పారేద్దామా అని దిక్కులు చూస్తోంది. ఇక మా ఆయన! బర్కతు, బర్కతు అని ఇల్లు హోరెత్తించే మా ఆయన కంచంలో ఎనిమిది ముక్కలు, చిన్నది మొదలు పెద్దది దాకా, కొట్లో బోల్టుల్లాగా వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ నోట్లో వేసుకుని మాత్ర మింగినట్టు నీళ్ళతో దించుతున్నారు. మిగల్చకూడదు కదా మరి.

నా కళ్ళు తెరుచుకున్నాయి. తాంబాళంలో ఏ ముక్క ఎవరిదో ఎవరికి తెలుసు? వేలితో చిన్నగా పక్కవాళ్ళ వైపు నెడితే చాలు. ఇన్సియా జుమానా వైపు నెడుతుంది, జుమానా నా వైపు. హాతిం వాళ్ళ పప్పా వైపు నెడతాడు, ఆయన తన వాటా కూడా కలిపి నా వైపు. రెండు దారులూ వచ్చి కలిసేది నా దగ్గరే. పదహారేళ్ళు ఈ ఇంట్లో ఉడికిన సొరకాయ మొత్తం నేనే తిన్నాను. పైగా తాబేలన్న పేరొకటి!

కోపం రాలేదంటే నమ్మకండి, బాగా వచ్చింది. కానీ పైకి ఒక్క మాట అనలేదు. మిగతా పన్నెండు రోజులూ నా కంచంలో నా అన్నం నేను హాయిగా తిన్నాను. వేడివేడిగా తిన్నాను. నిజం చెప్పాలంటే, మా ఆయన ఖాళీ బట్ట మీద దిగులుగా కూర్చోకపోతే, కంచాలు కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టి ఉండేదాన్ని.

పదహారో రోజు ఆదివారం. కొట్టు లేదు, బడి లేదు. ఓట్లు మొదలయ్యాయి.

"కంచాలు" అంది ఇన్సియా.

"కంచాలు" అన్నాడు హాతిం.

"తాంబాళం" అంది జుమానా. "కంచంలో నాకు ఎవ్వరూ ఏమీ తుంచిపెట్టట్లేదు."

ఆయన ఊపిరి పీల్చుకుని, "తాంబాళం" అన్నారు. అటు రెండు, ఇటు రెండు అయ్యాయి. అందరూ నా వంక తిరిగారు. ఆయన ముఖంలో ఏ అనుమానమూ లేదు. మునీరా ఎటు పోతుందిలే అన్న ధీమా. ఆ ధీమా చూసి నాకు ఒళ్ళు మండింది. కంచాలు అనేసేదాన్నే. ఇంతలో ఆయన చేతి వేళ్ళు ఆ ఇత్తడి కుదురుని ఊరికే నిమురుతుండడం చూశాను, బోల్టు కొలత చూసేటప్పుడు నిమిరినట్టు. నోరు ఆగిపోయింది.

"నా ఓటు భోజనమయ్యాక చెప్తాను. ఇవాళ ఒక్క పూట తాంబాళంలో తిందాం" అన్నాను.

ఆదివారమని ముందు తీపి పెట్టాను. అది అయ్యాక అన్నమూ, సొరకాయ పాలీదూ, వేయించిన బంగాళాదుంపలూ. కావాలనే రెండు కాయలు తరిగాను. ఉప్పు తిరిగింది, చేతులు దిగాయి. నేను తింటున్నట్టు నటిస్తూ వేళ్ళ వైపే చూశాను. పావుగంటలో ఎంత పనితనం! ఒక్కరి ముఖంలోనూ ఏమీ కనబడదు. ఇన్సియా వాళ్ళ నాన్నతో మాట్లాడుతూనే నెట్టేస్తోంది. జుమానా అయితే మోచేత్తో తోసేసింది. ఆయన పాలీదు పోసుకుంటున్న వంకతో గరిటతో ఒకేసారి నాలుగు పంపారు. కాసేపటికి నా ముందు సొరకాయ గుట్ట లేచింది.

"మమ్మీ, త్వరగా తాబేలూ" అన్నాడు హాతిం, వేళ్ళు నాకుతూ.

నేను చెయ్యి తీసేసి, తాంబాళం అంచు రెండు చేతులతో పట్టుకుని కుడివైపుకి తిప్పాను. కుదురు మీద అది నున్నగా తిరిగింది. జుమానా సగం కొరికిన బంగాళాదుంప నా ముందుకొచ్చి ఆగింది. సొరకాయ గుట్ట వెళ్ళి మా ఆయన ముందు ఆగింది.

"ఇదేంటి?" అన్నారాయన.

"బర్కతు" అన్నాను. "పదహారేళ్ళ నుంచి నాకొక్కదానికే వస్తోంది. ఇవాళ మీరు తీసుకోండి."

ఇన్సియా మెల్లగా తలొంచుకుంది. హాతిం టోపీ కళ్ళ మీదకి లాక్కున్నాడు. అందరిలోకీ చిన్నది జుమానా నా మోకాలి మీద చెయ్యేసి అడిగింది.

"మమ్మీ, నీకు సొరకాయ ఇష్టం కదా?"

"ఛీ. నాకు చిన్నప్పటి నుంచీ పడదు."

ముందు హాతిం నోట్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. తర్వాత ఇన్సియా. జుమానాకి ఏమీ అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా నవ్వింది. "పప్పా కూడానా? పప్పా కూడా నెట్టేస్తారా?" అని ఇన్సియా బట్ట మీద దొర్లిపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. గుట్ట వైపే చూస్తున్నారు.

"చిన్నప్పుడు నేను అమ్మ పక్కనే కూర్చునేవాణ్ణి" అన్నారు. "నా ముక్కలన్నీ అమ్మ వైపు తోసేవాణ్ణి. అన్నయ్యలూ అంతే. అమ్మకి సొరకాయంటే ప్రాణం అనుకున్నాను మునీరా. ఆ పేరు చెప్పుకునే ఇన్నేళ్ళూ తెస్తున్నాను."

చెప్తూనే గుట్టని వేళ్ళతో ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

ఆయన మొదటి ముక్క నోట్లో వేసుకున్నారు. నీళ్ళు తాగలేదు. రెండోది వేసుకోబోతుంటే ఇన్సియా చెయ్యి చాపి గుట్టలోంచి రెండు ముక్కలు లాక్కుంది. హాతిం ఒకటి తీసుకుని ముక్కు మూసుకుని మింగాడు. మింగి, "పప్పా, బడిలో ఇంతకంటే దారుణమైంది ఒకటి జరిగింది" అని మొదలుపెట్టాడు. సైన్సు గదిలో కప్ప సీసా పగిలిందట. వాడు చెప్తుంటే ఇన్సియా మధ్యలో దూరి తన బడి సంగతులు చెప్పింది. ఆయన ఏమీ అడగలేదు. ముక్కలు నములుతూ ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి తల తిప్పుతూ విన్నారు.

"నీ ఓటు చెప్పనే లేదు మమ్మీ" అంది ఇన్సియా మధ్యలో గుర్తొచ్చి.

"నువ్వే చెప్పు."

"తాంబాళమే ఉండనీ. కానీ సొరకాయ రోజున మధ్యలో తిప్పాలి. ఎవరు తిప్పుతారో ముందు చెప్పకూడదు."

అప్పటికి నా తినడం ఎప్పుడో అయిపోయింది. పిల్లలది కూడా అయిపోయింది. ఒక్కరూ లేవలేదు. ఆయన ముందు ఇంకా ఐదు ముక్కలున్నాయి, ఈసారి వరసగా పేర్చి లేవు. ఉప్పు గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఆయన చెయ్యి ఖాళీ అయ్యేదాకా నలుగురం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

"త్వరగా పప్పా తాబేలూ" అంది జుమానా.