వంకర పోగులు

తొంభైల చివర్లో బెంగళూరులో మెడికల్ రెప్‌గా తిరిగేవాణ్ణి. ఓ పొద్దున కాడుగోడి నుంచి వచ్చే బస్సులో, పక్కన కూర్చున్న ముసలి నేతగాడు నా మందుల సంచీ చూసి మాట కలిపాడు.

"మగ్గం మీద పోగులు నడిమధ్యన వంకరగా కనపడతా ఉండాయప్పా. కంటాస్పత్రికి పోతా ఉండా."

అంతా తెలిసినవాడిలా రెండు విటమిన్ ఎ శాంపిల్ స్ట్రిప్పులు తీసి, "ఇవి వాడండి, తగ్గిపోతుంది" అన్నాను.

ఆయన వాటిని కళ్ళకద్దుకున్నాడు. "ఇంక ఆస్పత్రి ఎందుకులే అప్పా" అంటూ వచ్చే స్టాపులోనే దిగిపోయాడు.

మరుసటి ఏడు కంపెనీ క్లాసులో కంటి డాక్టరొకాయన చెప్పాడు: పెద్దవయసులో గీతలు వంకరగా కనిపిస్తే అది విటమిన్ లోటు కాదు, కన్ను విటమిన్ ఎ వాడుకోగా మిగిలిన మడ్డి రెటీనాలో పేరుకోవడం కూడా కారణం కావచ్చు, ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాదు.

అందరూ రాసుకున్నారు. నేను మాత్రం, ఆ రోజు బస్సు దిగి, రోడ్డు దాటి తిరుగు బస్సు కోసం నిలబడ్డ ఆ ముసలాయన్నే మనసులో చూస్తూ కూర్చున్నాను.