షెడ్డుకు మూడడుగుల గుంత

గాలి లేచిన ప్రతిసారీ నా చెవి ముందు రేకుల మీదికే పోతుంది. ఇప్పుడూ అంతే. పాప నిద్రపోయింది. కిటికీ అవతల కారు షెడ్డు. నాలుగు వాక్యాలు రాస్తాను, ఆగి వింటాను, మళ్ళీ రాస్తాను. ఆ షెడ్డుకు లెక్క వేసింది నేనే.

మా ఆయన సొంత కారు బాడుగకు తిప్పుతాడు. మార్కాపురం నుంచి గిద్దలూరు, త్రిపురాంతకం, పెళ్ళిళ్ళ రోజుల్లో ఒంగోలు దాకా. ఏడుగురు కూర్చునే పాత బండి. రెండు ఎండాకాలాలు ఇంటి ముందు ఖాళీ జాగాలో నిలబడేసరికి డ్యాష్‌బోర్డు పగిలింది, సీటు కవర్లు పొట్టు పొట్టుగా రాలాయి. మధ్యాహ్నం బాడుగకు వచ్చినవాళ్ళు తలుపు మీద చెయ్యి వేసి చురుక్కుమని వెనక్కి తీసుకునేవాళ్ళు. షెడ్డు వెయ్యక తప్పదని తేలింది. ఉన్న జాగా ఒకటే. పడకగది కిటికీ పక్కన, మూడేళ్ళ పాప పొద్దంతా ఆడుకునే చోటు.

"నీడ పడితే పాపక్కూడా మంచిదే గదా," అన్నాడు మా ఆయన.

నాకు నీడ గుర్తు రాలేదు. పోయిన ఎండాకాలం గాలివానకు మా వీధి చివరి ఇంటి రేకుల పంచ స్తంభాలతో సహా లేచి, రోడ్డు దాటి చిల్లచెట్ల ముళ్ళకంపలో పడింది. దారిలో గొర్రెల మంద ఉంది. ఒక గొర్రె నడుం మీద రేకు అంచు దిగింది. కాపరి దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తడం నేను పాపను ఎత్తుకుని గడపలో నిలబడి చూశాను. అప్పటినుంచి రేకంటే నాకు ముందు దాని అంచే కళ్ళల్లో మెదులుతుంది.

మా ఆయన బాడుగకు పోయిన పూట వెల్డింగ్ షాపతను వచ్చి టేపు పెట్టి కొలిచాడు. మా ఆయన్ని బావా అని, నన్ను అక్కా అని పిలుస్తాడు.

"పద్దెనిమిది అడుగుల పొడవు, ఆరు స్తంభాలు అక్కా. ఒక్కోదానికి మూడడుగుల గుంత తియ్యాల. ఇక్కడ అడుగున్నరకే బండ తగుల్తది. కంప్రెసర్ ట్రాక్టరు పిలిపించి బండ కొట్టించాల్సిందే."

పైపులకు ఇరవై ఎనిమిది వేలు, రేకులకు ఇరవై నాలుగు, బోల్టులకు రెండు, వెల్డింగ్ కూలి పదహారు, గుంతల తవ్వకానికీ సిమెంటు ఇసుక కంకరకూ కలిపి పది, కంప్రెసర్‌కు ఆరు. మొత్తం ఎనభై ఆరు. మా దగ్గర ఉన్నది ఎనభై.

నేను బీకాం చదివాను కాబట్టి లెక్క నాకు అప్పగించారు. మా అత్త పక్కింట్లో కూడా చెప్పి వచ్చింది. "మా కోడలు సూసుకుంటాది లే. సదివిన సదువు యాడికి పోతాది?"

మూడు రోజులు ఆ కాగితంతోనే గడిచాయి. పాపకు అన్నం పెడుతూ పైపుల మందం తగ్గించేదాన్ని, మూతి తుడుస్తూ మళ్ళీ పెంచేదాన్ని. బోల్టులు సగం తగ్గించి రేకుల మీద పలకరాళ్ళు బరువు పెడదామన్నాడు మా మామ. మా వీధిలో సగం పంచలు అట్లాగే ఉన్నాయి. ఆ రాయి జారి పాప మీద పడడం నాకు అప్పుడే కనిపించింది. వద్దన్నాను. చివరికి కొట్టెయ్యడానికి కంప్రెసర్ ఒక్కటే మిగిలింది. బండ తగిలాక ఇంకా తవ్వడం ఎందుకు?

"ఈ బండ మీదనే మా నాయన ఇల్లు కట్టినాడు," అన్నాడు మామ. "ఇంతవరకు మెదల్లా."

ఆరు వేలు తీసేశాను. సరిగ్గా ఎనభై. రూపాయి మిగల్లేదు, తక్కువ పడలేదు. పరీక్షలో బ్యాలెన్స్ షీటు కలిసినప్పటి సంతోషం. కొట్టివేతలున్న కాగితం దాచేసి, శుభ్రంగా తిరగరాసింది మా ఆయనకు ఇచ్చాను. అందులో కంప్రెసర్ మాటే లేదు. వెల్డింగ్ అతనికి ఫోన్ చేసి, "బండ దాకా తవ్వితే చాలంట," అన్నాను. ఎవరో పెద్దవాళ్ళు చెప్పినట్టు అన్నాను.

"ఇంట్లో పెద్దోళ్ళు ఒప్పుకుంటే నాదేముంది అక్కా," అన్నాడతను.

ఆరు గుంతలూ ఒక్క పూటలో అయిపోయాయి. మర్నాడు పైపులు నిలబెట్టి కాంక్రీటు పోయాలి. ఆ పొద్దున్నే మా నాయన పాపను చూడడానికి పుల్లలచెరువు బస్సులో వచ్చాడు. ముప్పై ఏళ్ళు పలకల గనిలో రాయి చీల్చిన మనిషి. కాఫీ గ్లాసుతోనే బయటికి వచ్చి కిటికీ పక్క గుంతలోకి తొంగి చూశాడు. గ్లాసు నా చేతికిచ్చి గడ్డపార తీసుకున్నాడు. దాని మొనతో అడుగున రెండుసార్లు తట్టి, తల వంచి విన్నాడు. జరిగి ఇంకో చోట తట్టాడు.

"ఎవరమ్మా దీన్ని బండ అన్నది?"

"బండ కాకుంటే ఏంది బావా?" అన్నాడు మా మామ.

"గట్టి రాయి ఠంగుమంటది. ఇది డబ్‌డబ్ అంటాంది. పొర ఇది."

గడ్డపార మొన ఒక సందులోకి దూర్చి అదిమాడు. బొటనవేలంత మందాన పెచ్చు, మూత తీసినట్టు పైకి లేచింది. కింద పసుపు రంగు మెత్తటి మన్ను.

"మా ఇల్లు దీని మీదనే గదా నిలబడింది," మామ వదల్లేదు.

"ఇల్లు బరువు మీద కూర్చుంటది బావా. షెడ్డును గాలి పైకి లాగుతది. ఈ పొరను పట్టుకొని ఏం నిలబడతది?"

పక్కన ఇసుకా సిమెంటూ పొడిగా కలిపి ఉన్నాయి. కూలికి వచ్చిన ఆమె బిందె వంచబోతోంది. అందరూ నాయన వైపు చూస్తున్నారు. మూడడుగులని ముందే చెప్పిన వెల్డింగ్ అతను మాత్రం నా వైపు చూస్తున్నాడు. పాప గుంత అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసింది.

"నీళ్ళు పొయ్యొద్దు," అన్నాను. అరిచినట్టే వచ్చింది గొంతు. "మూడడుగులు తియ్యాలని వెల్డింగ్ తమ్ముడు ముందే చెప్పినాడు. కంప్రెసర్ ఖర్చు నేనే తీసేసినా. లెక్క సరిపోవాలని."



"బీకాం లెక్క గుంతలో పడె," అంది మా అత్త.

"నాకొక మాట చెప్పుంటే ఏమైతుండె మే?" అన్నాడు మా ఆయన.

"చెప్తే అప్పు తెచ్చేవాడివి."



అక్కడే, గుంత పక్కనే కూర్చుని లెక్క మళ్ళీ వేశాను. రేకులు ఇంకా కోయించలేదు, అది మా అదృష్టం. పద్దెనిమిది అడుగులను పద్నాలుగు చేస్తే రేకుల్లో, పైపుల్లో కలిపి ఆరు వేలు మిగులుతాయి. ముందు రెండు గుంతలు పూడ్చి నాలుగడుగులు వెనక్కి జరిపి కొత్తవి తియ్యాలి. కారు పద్నాలుగున్నర అడుగులుంటుందని వెల్డింగ్ అతను గుర్తు చేశాడు.

"ముక్కు కాల్తది, అంతే గదా," అన్నాడు మా ఆయన. "డ్రైవరు ముక్కు రోజూ కాల్తానే ఉంది." ఆ మాటకు మా అత్త కూడా నవ్వింది.

కంప్రెసర్ మర్నాడు వచ్చింది. పాపను లోపల మంచం మీద కూర్చోబెట్టి చెవులు మూశాను. ఒక్కో గుంత పూర్తి కాగానే నాయన దిగి తట్టి చూశాడు. ఒకటి మూడున్నర దాకా పోయింది. ఆరోదీ ఠంగుమన్నాకే బిందె వంచనిచ్చాడు. పైకొచ్చిన పెచ్చుల్లో నున్నటిది ఒకటి ఏరుకుని పాప సుద్దముక్కతో దాని మీద గీతలు గీసింది. కారట అది.

ఇది జరిగి రెండు నెలలు. కారు మూతి అర అడుగు ఎండలోనే ఉంటుంది. మా అత్త ఎవరొచ్చినా అది చూపించి నా చదువు సంగతి చెబుతుంది. పాప షెడ్డు కిందే ఆడుకుంటుంది, నేను పది నిమిషాలకోసారి కిటికీలోంచి చూస్తూనే ఉంటాను.

ఇందాక గాలి బాగా లేచింది. పెన్ను పెట్టి బయటికి వెళ్ళాను. పైన రేకులు మోగుతున్నాయి. కిటికీ పక్క స్తంభం మీద అరచెయ్యి ఆనించాను. అది మెదల్లేదు. లోపలికి రాబోయి, మళ్ళీ వెనక్కి తిరిగి, మిగతా అయిదింటినీ ఒక్కొక్కటిగా పట్టుకుని చూసి వచ్చాను.