మల్లవ్వ కూర్చున్న ఎత్తు

"మల్లవ్వా! పిల్ల నోట్లకెల్లి డాంబర్ గోలీల వాసనొస్తాంది. మింగిందేమో!"

అనసూర్య మగ్గం గదిలోకి ఉరికొచ్చింది. చంకలో ఉన్న కూతురు రజితకు ఇంకా మాటలు కూడా రాలేదు. గుంత మగ్గంలో కాళ్లు దించుకుని జంపఖానా నేస్తున్న ఇంటామె మల్లవ్వ చెయ్యి ఆగిపోయింది.

"ఏ గోలీలే?"

"బీరువాల నువ్వు పెట్టినయే!"

అది ఎనభై ఎనిమిది వానాకాలం. వరంగల్ కొత్తవాడలోని ఆ ఇంట్లో అనసూర్య కుటుంబం ముందు గదుల్లో, గోపాల్ వెనక గదిలో అద్దెకుండేవారు. ఇద్దరూ ఒకే కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేవారు. పాత ఫైళ్లు ఎవరివి వాళ్లే దాచుకోవాలని అక్కడ చెప్పేశారు. ఫైళ్లంటే నల్లటి పలచని ఫ్లాపీలు. చెమ్మ తగిలితే బూజు పడతాయి, అయస్కాంతం సోకితే వాటిలో రాసిందంతా పోతుంది. ఇద్దరివీ ఒకేచోట పెడదామన్నది అనసూర్యే. ఇల్లంతా కురిసినా మగ్గం గది కురవదు గనక మల్లవ్వ తన చెక్క బీరువా కింది అర ఖాళీ చేసిచ్చింది. అనసూర్య కట్టకు ఎర్ర నూలు, గోపాల్ కట్టకు పచ్చ నూలు కట్టింది. ఎవరికి కావాలన్నా తీసుకోవాలని తాళం వేయలేదు. పురుగు పట్టకుండా జంపఖానాలకు వేసినట్టే వాటి మధ్యా డాంబర్ గోలీలు వేసింది. అనసూర్య చూసింది, ఊరుకుంది. ఆమె భయమంతా ఫ్లాపీల గురించే. ఆ గదిలోకి రేడియో కూడా రానిచ్చేది కాదు.

"నీ పలకలకు దిష్టి గూడ తియ్యాల్నా?" అని మల్లవ్వ ఎగతాళి చేసేది.

ఇప్పుడు బీరువా తలుపు ఓరగా తెరిచి ఉంది.

"పొద్దుగాల నేనే తీసిన అక్కా," అన్నాడు వెనక గదిలోంచి వచ్చిన గోపాల్, తల దించుకుని. "నువ్వు మూస్తవనుకున్న."

మల్లవ్వ గుంతలోంచి లేవలేదు. మెడ వంచి నేల వెంబడి చూసింది. మగ్గం కింద తెల్లటి గోలీ ఒకటి దొరికింది. ఒక అంచు కొరికేసి ఉంది.

దవాఖానలో డాక్టర్ పిల్లను ఇంటికి పంపుతూ మూత్రం రంగు చూస్తుండమన్నాడు. తడిసిన ప్రతి బట్టనూ అనసూర్య కిటికీ వెలుగులో పట్టి చూసేది. మగ్గం చప్పుడు లేదు. ఒక పొద్దున ఆ బట్ట మీద టీ డికాషన్ రంగు కనిపించింది.

గోలీ విషానికి నెత్తురు విరిగిపోయిందని, పిల్లను మళ్లీ దవాఖానలో చేర్చి నెత్తురెక్కించారు. వార్డు బయట నేల మీద కూర్చుని మల్లవ్వ తన కొడుకు మొగిలి సంగతి చెప్పింది. మగడు చనిపోయిన ఏడాది ఆమె నూలుకు రంగులు కలుపుతుంటే, పాకే వయసున్న మొగిలి ఆ రంగుల్లో కలిపే కాస్టిక్ సోడా నీళ్లు నోట్లో పోసుకున్నాడు. బతికాడు గానీ, ఇప్పటికీ వాడి గొంతు గీరుకుపోయినట్టే ఉంటుంది.

"గప్పుడు నేను నిలబడున్న. గందుకే కండ్లవడలేదనుకున్న. ఇప్పుడు దినమంతా నేల మీదనే ఉంటిని గద బిడ్డా, గయినా సూడకపోతిని."

రజిత బతికి ఇంటికొచ్చింది, వెలిసిపోయిన నూలులా. ఫ్లాపీలు ఇప్పుడు మగ్గం గది అటక మీదున్నాయి. ఇంట్లో ఏ వస్తువుకు చోటు చూసినా అనసూర్య ముందు గచ్చు మీద చతికిలబడి, మెడ వంచి, చుట్టూ చూస్తుంది. ఆ రోజు వార్డు బయట మల్లవ్వ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది:

"ఏది వెట్టినా ముందుగాల కింద కూసో. పిల్ల కండ్లెంత ఎత్తుల ఉన్నయో, గంత ఎత్తులకెల్లి సూడు. సూసినంక పెట్టు."