ఆరు మెట్లు దిగిన పిన్ని

ఆవిడకు భయం పుట్టుకతోనే వచ్చిందని వాళ్ల అక్క అనేది. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు ఊళ్లవారీగా విడదీసిన మనిషి. ఒక్క ఉత్తరమూ తప్పు గడిలో పడలేదు, ఎందుకంటే పడుతుందేమోనన్న భయంతో ప్రతిదాన్నీ రెండుసార్లు చూసేది. కుక్క కనబడితే రోడ్డు దాటి అవతలి పక్క నడిచేది. "నీ నీడ నీ వెనకాలే వస్తోందని ఇంకా ఎవరూ నీకు చెప్పలేదు, నయం," అని భర్త ఆటపట్టించేవాడు.

రిటైరై ఇంట్లో కూర్చున్నాక భయాలు మరీ ఎక్కువయ్యాయి. అప్పుడు అక్క కూతురు పట్టుబట్టింది. ఆ అమ్మాయి వికలాంగుల కేంద్రంలో ఫిజియోథెరపిస్టు. పిల్లలూ పెద్దలూ కలిపి ఇరవై మంది పగటిపూట అక్కడికి వస్తారు.

"వారానికి రెండు రోజులు రా పిన్నీ. కాగితం కవర్లు అంటించడం నేర్పుదువు గాని. జీతం లేదు, టీ మాత్రం ఉంది," అంది.

వెళ్లిన రెండు రోజుల్లోనే ఆవిడ అక్కడ అందరికీ పిన్ని అయిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే పదేళ్ల పిల్లయితే, "పిన్నీ, జిగురు కవరుకి రాయాలి, ముక్కుకి కాదు," అని మొదటిరోజే పరువు తీసింది. అందరితోనూ బాగానే కుదిరింది. భయపెట్టింది ఒక్కడే.

అతనికి ముప్పై నాలుగేళ్లు. గుమ్మంలో నిలబడితే గుమ్మం నిండిపోయేది. మాటలు రావు. చప్పుళ్లు భరించలేడు, అందుకని చెవులకు హెడ్‌ఫోన్ల లాంటి పెద్ద డిప్పలు తగిలించుకుంటాడు. తన కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వడు గనక అందరూ 'దొర' అనేవారు.

రెండో వారంలో ఓ రోజు, డిప్పలు తీసి ఉన్న సమయంలో, వీధిలో లారీ హారన్ మోగింది. దొర ఒక్క ఉదుటున లేచి పిన్ని మణికట్టు పట్టుకున్నాడు. విడిపించడానికి ఇద్దరు రావలసి వచ్చింది. వేళ్ల గుర్తులు మూడు రోజులు పోలేదు.

"కొట్టడానికి కాదు పిన్నీ, భయమేసి పట్టుకున్నాడు," అంది అక్క కూతురు.

"భయమేస్తే నేనలా ఎవర్నైనా పట్టుకుంటానా?"

"నువ్వు బాబాయ్ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటడం నేను చూడలేదేంటి?"

పిన్ని నవ్వింది గాని, ఆనాటి నుంచి తలుపు పక్కనే కుర్చీ వేసుకుంది. మానేస్తానని చెప్పడానికి కూడా భయమేసి వెళ్తూ వచ్చింది.

ఓ శుక్రవారం పదకొండింటికి కింద మీటరు గదిలో వైర్లు అంటుకున్నాయి. కేంద్రం ఉన్నది రెండో అంతస్తులో. కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది, ప్రమాద గంట మోగడం మొదలైంది. ముందు గదిలోవాళ్లను సిబ్బంది ఎత్తుకునీ నడిపించుకునీ దింపుతున్నారు. అక్క కూతురు చక్రాల కుర్చీ పిల్లను వీపున వేసుకుని, వెనక గది గుమ్మంలోంచి కేకేసింది: "పిన్నీ, దొరని తీసుకుని దిగిపో! దీన్ని దింపేసి నేనొస్తా!"

వెనక గదిలో వాళ్లిద్దరే మిగిలారు. దొర బల్ల కిందికి దూరి, చేతులతో చెవులు మూసుకుని మూలుగుతున్నాడు. "రా నాయనా, రా," అని రెండుసార్లు పిలిచింది. కదల్లేదు. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. ఇంతలో ప్లాస్టిక్ కాలిన వాసన గుప్పుమంది.

పిన్ని పరిగెత్తింది.

గోడ పట్టుకుని ఆరు మెట్లు దిగింది. లెక్కపెట్టాలనుకోలేదు, కాళ్లే లెక్కపెట్టాయి. అక్కడ ఆగిపోయింది. కింద గేటు దగ్గర అక్క కూతురు "దొరేడి పిన్నీ?" అంటుంది. ఏం చెప్పాలి? ఆ ప్రశ్న పొగకన్నా ఎక్కువ భయపెట్టింది. ధైర్యం వచ్చి కాదు, ఆ భయంతోనే వెనక్కి ఎక్కింది.

కుర్చీ దగ్గర పడి ఉన్న డిప్పలు తీసుకుని బల్ల కిందికి పాకింది. అతని చెవులకు తగిలించింది. అతన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పెదవులు పాలిపోయి ఉన్నాయి, పళ్లు టకటకమంటున్నాయి. ఆవిడవీ అంతే.

"నాకూ పైప్రాణాలు పైనే పోతున్నాయిరా," అంటూ తన మణికట్టు అతని చేతికి అందించింది. దొర బిగించి పట్టుకున్నాడు. ఎముక విరిగిపోతుందనుకుంది గాని విడిపించుకోలేదు.

మెట్లదాకా ఇద్దరూ పాకారు. అతను నిలబడలేకపోతుంటే, పిన్ని మెట్టు మీద కూర్చుని కిందికి జరిగి చూపించింది. అతనూ జరిగాడు. మొదటి మలుపులో పొగ నల్లగా కమ్మేసింది. పిన్నికి దగ్గు తెర ఆగలేదు, మెట్టు మీదే ఒరిగిపోయింది. అప్పుడు దొర లేచి నిలబడ్డాడు. ఎలా లేచాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆవిడను బస్తాలా లాక్కుంటూ మిగతా మెట్లన్నీ దిగేశాడు. వాళ్ల కోసం ఎదురొచ్చిన అక్క కూతురు గోడకు అతుక్కుని దారివ్వాల్సి వచ్చింది.

మంట మీటరు గది దాటలేదు. పిన్ని మణికట్టు బెణికి, మోకాలు వాచింది తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు దొర తల్లి పిన్ని ఇంటికొచ్చింది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి. వేళ్లు నీళ్లలో నాని పాలిపోయి ఉన్నాయి. "మీ రుణం తీర్చుకోలేను వదినా," అంటుంటే పిన్ని తట్టుకోలేకపోయింది.

"ముందు వాణ్ణి వదిలేసి పారిపోయానమ్మా. ఆరు మెట్లు దిగిపోయాను. మా అక్క కూతురికి కూడా చెప్పలేదు."

తల్లి చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. పిన్ని భర్త వంటింట్లోంచి తొంగి చూసి వెనక్కి తగ్గాడు.

"వాడికి తొమ్మిదేళ్లప్పుడు," అంది దొర తల్లి, "బస్టాపులో బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే బస్సెక్కేశాను. వాడు చూస్తూనే ఉన్నాడు. రెండో స్టాపులో దిగి వెనక్కి పరిగెత్తుకొచ్చాను. పాతికేళ్లయింది. మీకే చెబుతున్నాను."

"ఉన్నాడా అక్కడే?" జవాబు తెలిసిందే అయినా అడిగింది పిన్ని.

"ఉన్నాడు. చెప్పులు రెండూ విప్పి ఒళ్లో పెట్టుకుని."

టీ చల్లారిపోయింది.

నెల తిరక్కుండా కేంద్రం మెట్లు లేని ఇంకో ఇంటికి మారింది. పిన్ని వెళ్తూనే ఉంది. భయం పోయిందంటే అబద్ధం. నెలకోసారి గంట మోగించి అందర్నీ వీధిలోకి నడిపించే అలవాటు చేయించింది ఆవిడే. గంట ఏ వేళకు మోగుతుందో ముందే తెలిసినా, ఆ రోజు పొద్దున ఆవిడకు ముద్ద దిగదు.